నూలు ముడి

రస్ అల్ ఖైమా దాటినంక ఇంకో ఇరవై నిమిషాలు.
జుమ్మ రోజు. టాక్సీల నలుగురం, తలా పది దిర్హములు.
రమ్స్ ల దిగంగనే ముగ్గురు ఫోటోలకని బురుజెక్కిండ్రు.
నాది ఎనిమిదేండ్లు పరంజా మీద నిలబడ్డ మోకాలు.
కిందనే ఆగిన.

ఊరంటే ఏమున్నది?
వెనుక గడ్డిపోచ మొలవని బోడగుట్టలు,
నడుమ తెల్ల మసీదు, ఐసు ఫ్యాక్టరీ, మలబారి చాయ్ కొట్టు,
ఇసుకల ఎండబోసిన చిన్న చేపలు,
మడచెట్ల దగ్గర ఒంటికాలి మీద గులాబిరంగు కొంగలు.
ముందర నీళ్ళు.

నీళ్ళను చూసి నోట్లకెల్లి వచ్చిన మాట
కలనేత.
పచ్చ పడుగు, నీలం పేక.
నిలబడితే ఒక రంగు, వంగితే ఒక రంగు.
మా నాయిన సిరిసిల్లల గుంటమగ్గం మీద
ఇసొంటి చీర ఒక్కటే నేసిండట, సావుకారి బిడ్డ పెండ్లికి.
నేను చూడలే.
మా అమ్మ చూసింది. కట్టలే.

పడవల పక్కన ఒకడు
ఇనుప తీగెలతోని గుమ్మటమంత బుట్ట అల్లుతున్నడు,
లోపల తానే కూసోని.
"ఏటలా సూత్తన్నావు, బావూ?"

వానిదీ తెలుగే, నాదీ తెలుగే.
నలభై నంబరు నూలు, అరవై నంబరు నూలు
ఒక్క మగ్గానికి ఎక్కించినట్టు
కొంచెం సేపు చిక్కులు పడ్డయి మాటలు.

పేరు సూరాడ దానయ్య. భావనపాడు.
పదకొండేండ్ల నుంచి ఖల్ఫాన్ పడవల మీద.
బుట్టను గర్గూర్ అంటరట.
అల్లిక నేర్పింది ఖల్ఫాన్ తండ్రి,
ఒకరి మాట ఒకరికి రాక, వేళ్ళు పట్టుకొని.

"ఇదిగో మూతి. గరాటాలాగ.
బయిట ఎడల్పు, లోన ఇరుకు.
రొట్టె ముక్క, నాసు ఏస్తాం. సేప ఒస్తాది.
ఒచ్చిన దారి మళ్ళీ దొరకదు దానికి."

నేనేదో అనబోయిన.
నా మొఖం చూసి నవ్విండు:
"పాస్‌పోర్టు మాటేనా? ఇక్కడికొచ్చినోడల్లా అదే అంటాడు.
సేపని సేపలాగ ఉండనీ, బావూ."

ఊకున్న.
అల్లిక చూసిన. ఆరు మూలల కన్ను,
మూడు దిక్కుల నుంచి తీగె.
ఏది పడుగో ఏది పేకో తెల్వది.
తొడ మీద నా వేళ్ళు వాటంతట అవే కదిలినయి,
మగ్గం అమ్మిన పదిహేడేండ్లకు.

"నేతోడివేటి?"
తల ఊపిన.
జేబుల నుంచి ఒక ఉండ తీసి చేతుల పెట్టిండు.
తీగె కాదు. నూలు. ముతకది, పురి వదులుది.

బుట్టకు పక్కన చిన్న తలుపుంటది.
దాన్ని మాత్రం నూలుతోనే కడతడట.
పెద్ద ఓడ రెక్కలకు తాడు తెగి
బుట్ట అడుగున ఉండిపోతే
ఎవరూ దేవులాడరు. లోపల చేపలు, చచ్చేదాక.
నూలైతే ఉప్పునీళ్ళకు నాని నాని కుళ్ళుతది,
ఎప్పుడో ఒకనాడు తలుపు తెరుసుకుంటది.
"ఇనుమైతే శానా ఆలీసం" అన్నడు.

మా ఇంట్ల పోగు తెగితే తిట్లు.
గంజి పెట్టి, ఆసు పోసి, అతుకులేసి
తెగకుంట చూసుడుకే తాత కండ్లు పోయినయి,
నాయినవి సగం పోయినయి.
తెగాలని నూలు కొనేటోన్ని
ఇంత దూరమొచ్చి చూసిన.

కట్టిన. మా నాయిన వేసే అతుకు ముడి,
వేలు నాలుకకు తడుపుకొని.
దానయ్య లాగి చూసిండు.
"గట్టిగున్నాది."
మెచ్చుకున్నట్టు అనలే.
విప్పి మళ్ళ కట్టమన్నడు.
రెండోదీ విప్పిండు.
మూడోదాన్ని వేలితో తాకి, ఏమనకుంట
బుట్టను పడవ దిక్కు దొర్లించిండు.

బురుజు దిగి మావోళ్ళు ఫోన్ల ఫోటోలు చూపెట్టిండ్రు.
గుట్టలు, మసీదు, నీళ్ళు.
ఒకదాంట్ల నేను, చీమంత, గుమ్మటం పక్కన వంగి.
గంట సేపు ఏం చేసినవు కింద, అన్నరు.
చాయ్ తాగిన, అన్న.